అమ్మానాన్నలు హజ్‌కు వెళ్తున్నారు: ఏ రోజు ఏం చేయాలి, ఎందుకు చేయాలి?

తమ్ముడూ, మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటే మిగతావాళ్లకూ పనికొస్తుంది. నంద్యాల దగ్గరి పల్లె నుంచి మీ అమ్మానాన్నలు హజ్ కమిటీ ద్వారా ఈసారి వెళ్తున్నారు. నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. అమ్మగారికి 58, మోకాళ్ల నొప్పి. ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి ఉర్దూలో జరిగిన శిక్షణ ఆమెకు సగమే అర్థమైంది. ఏ రోజు ఏం చేయాలి, అసలు ఎందుకు చేయాలి అని అడుగుతున్నారు. కాబా మూలలో ఉన్న నల్లరాయిని, అంటే హజ్రె అస్వద్‌ను ముద్దు పెట్టుకోకుండా తిరిగి రానని అమ్మగారు కూర్చున్నారు. ఇక మీ ఆఫీసు మిత్రుడు "రాయిని ముద్దాడతారు, ఇంకో రాయిని షైతాన్ అని కొడతారు, ఇది విగ్రహారాధన కాదా?" అంటే మీకు జవాబు తోచలేదు.

నేను స్కూల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. 2009లో నా భార్యతో హజ్ చేశాను. తర్వాత 2014లో, 2018లో ఖాదిమ్‌గా వెళ్లాను. ఖాదిమ్ అంటే హాజీలకు దారి చూపించడానికి, తప్పిపోయినవాళ్లను వెతికి తేవడానికి ప్రభుత్వం పంపే మనిషి. నేను ఆలిమ్‌ను, అంటే మత పండితుణ్ణి కాను. మసలా (మత నియమం) దగ్గర సందేహం వస్తే మీ మసీదు ఇమామ్‌గారి మాటే మాట.

మూడుసార్లూ నేను చూసింది ఒకటే. మనవాళ్లు టెన్షన్ పడాల్సిన చోట పడరు, పడక్కర్లేని చోట ప్రాణం మీదకు తెచ్చుకుంటారు. నల్లరాయి దగ్గర తోపులాటలో పక్కటెముక విరగ్గొట్టుకున్న పెద్దాయనను చూశాను. అదే మనిషి, హజ్‌లో అసలు ఘట్టమైన అరఫాత్ మైదానంలో టెంట్‌లో పడుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయాడు. అందుకే అన్నిటికన్నా ముందు అమ్మగారికి ఈ తేడా చెప్పండి. ఫర్జ్ తప్పితే హజ్ నెరవేరదు. వాజిబ్ తప్పితే దమ్ ఇవ్వాలి, అంటే హరమ్ (మక్కా చుట్టూ ఉన్న పవిత్ర ప్రాంతం) పరిధిలో ఒక మేకనో గొర్రెనో జిబహ్ చేయించాలి, కోయించాలి. సున్నత్ తప్పితే పుణ్యం తగ్గుతుందేమో గానీ హజ్‌కు ఢోకా లేదు. హనఫీ అనే ధర్మశాస్త్ర పద్ధతి లెక్కలో ఫర్జ్‌లు మూడే: ఇహ్రామ్, జిల్‌హజ్ (ఇస్లామీ క్యాలెండర్‌లో చివరి నెల) 9వ తేదీన అరఫాత్‌లో నిలవడం, ఆ తర్వాత కాబా చుట్టూ చేసే తవాఫె జియారత్ అనే ప్రదక్షిణ. హజ్రె అస్వద్‌ను ముద్దాడటం సున్నత్. ఎవరినీ నెట్టకుండా వీలైతేనే అది సున్నత్. మరొకరికి నొప్పి కలిగిస్తే అది పాపం. మన దగ్గర ఎక్కువమంది హనఫీలే కాబట్టి ఈ లెక్క చెప్పాను. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే అరబ్ మూలాల చావుష్‌లు షాఫయీ పద్ధతివాళ్లు, వాళ్ల లెక్కలో సఈ (సఫా, మర్వా గుట్టల మధ్య నడక) కూడా మూలస్తంభమే. ఆ తేడాలు చూసి కంగారు పడొద్దు.

ఇక వరసగా చెబుతాను. మన హాజీలు దాదాపు అందరూ చేసేది తమత్తు పద్ధతి. అంటే వెళ్లగానే ఉమ్రా (తవాఫ్, సఈలతో ముగిసే చిన్న యాత్ర) చేసి, ఇహ్రామ్ విప్పేసి, మామూలు బట్టల్లో మక్కాలో ఉంటారు. జిల్‌హజ్ 8న మళ్లీ ఇహ్రామ్ కట్టి హజ్ మొదలుపెడతారు. అసలు హజ్ ఐదారు రోజులే. నెలకు పైగా అక్కడ ఉంటారు కదా, అంతా హజ్ అనుకుని మొదటి పదిరోజుల్లోనే ఉన్న ఓపికంతా ఖర్చు చేసేవాళ్లు చాలామంది. రోజుకు రెండు ఉమ్రాలు చేసి, 8వ తేదీకి జ్వరంతో మూలుగుతుంటారు. నాన్నగారిని ఈ విషయంలో గట్టిగా ఆపండి.

ఇహ్రామ్ అంటే చాలామంది బట్ట అనుకుంటారు. బట్ట కాదు, అదొక స్థితి. సంకల్పం చేసుకుని తల్బియా ("లబ్బైక్" అనే పలుకులు) చదివితే అందులోకి వెళ్లినట్టు. మగవాళ్లకు కుట్టు లేని రెండు వస్త్రాలు, తల కప్పకూడదు. ఆడవాళ్లు మామూలు బట్టల్లోనే ఉంటారు, ముఖానికి నికాబ్ కట్టకూడదు. అత్తరు వాడకూడదు, వెంట్రుకలు, గోళ్లు తీయకూడదు, వేటాడకూడదు, దాంపత్యం కూడదు. ఖుర్ఆన్ వీటితోపాటు ఇంకొకటి పెట్టింది: జగడం ఆడకూడదు. అన్నిటికన్నా కష్టం అదే! బస్సు రెండు గంటలు ఆలస్యమైనప్పుడు, గదిలో బాత్రూమ్ దగ్గర వరస పెరిగినప్పుడు ఇహ్రామ్ అంటే ఏమిటో తెలుస్తుంది. తెల్లబట్ట కఫన్‌ను, అంటే శవానికి చుట్టే బట్టను గుర్తుచేస్తుందని అందరూ చెబుతారు, నిజమే. నాకు మాత్రం ఆ బట్టకన్నా ఆ నిషేధాలే ఎక్కువ నేర్పాయి. మామూలు రోజుల్లో హలాలైన పనినే "ఇప్పుడు వద్దు" అని ఆపుకోవడం అలవాటైతే, హరామ్ పని దగ్గర చేయి దానంతటదే ఆగుతుంది.

ఇక్కడ చిన్న చిన్న జాగ్రత్తలు. వాసన లేని సబ్బు ఇక్కడి నుంచే కొనిపెట్టండి. విమానంలో ఇచ్చే తడి టిష్యూకు సెంటు ఉంటుంది, ఇహ్రామ్‌లో ఉంటే దానితో ముఖం తుడుచుకోవద్దు. గొడుగు పట్టుకోవచ్చు, తలకు ఆనకపోతే చాలు. నడుముకు బెల్టు పెట్టుకోవచ్చు. లుంగీలాంటి బట్టతో కిలోమీటర్లు నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి. ఎవరూ సిగ్గుపడి చెప్పరు గానీ హాజీలను కుంటించేది అదే. షుగర్ ఉన్న నాన్నగారికి ఆ పుండు తొందరగా మానదు. వాసన లేని వాజలీన్ డబ్బా తప్పకుండా పెట్టండి.

ఇహ్రామ్‌లోకి రావడానికి మీఖాత్ అనే సరిహద్దు ఉంది. దాన్ని దాటేలోపే సంకల్పం చేసుకోవాలి. నేరుగా జెద్దాలో దిగేవాళ్లకు అది ఆకాశంలోనే వస్తుంది, విమానంలో ప్రకటిస్తారు. నిద్రపోతారేమోనని చాలామంది హైదరాబాద్‌లోనే కట్టుకుంటారు. మొదట మదీనాకు వెళ్లే విమానమైతే ఇక్కడ అక్కర్లేదు, మదీనా నుంచి మక్కాకు వచ్చేటప్పుడు జుల్‌హులైఫా దగ్గర కట్టుకుంటారు. మీవాళ్ల టికెట్ ఏదో చూసుకోండి.

"లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్..." ఈ తల్బియా అర్థం అమ్మగారికి తెలుగులో చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు కేకేస్తే "ఆఁ, వచ్చా" అంటాం చూడండి, లబ్బైక్ అంటే అదే. "వచ్చాను ప్రభూ, వచ్చాను. నీకు సాటి ఎవరూ లేరు, వచ్చాను. స్తోత్రమూ, భాగ్యమూ, రాజ్యమూ నీకే చెందుతాయి." ప్రవక్త ఇబ్రాహీం (అ) (పేర్ల పక్కన (అ), (స), (ర) అనేవి గౌరవంగా పలికే దీవెనలకు పొట్టి రూపాలు) కాబా కట్టాక "జనాన్ని హజ్‌కు పిలువు" అని అల్లాహ్ ఆజ్ఞ ఇచ్చాడని ఖుర్ఆన్‌లో ఉంది. ఆ పిలుపుకు ఇది బదులు. నాలుగు వేల ఏళ్ల కిందటి కేకకు నంద్యాల నుంచి ఒక అమ్మ పలుకుతోందన్నమాట.

మక్కా చేరాక తవాఫ్. కాబాను ఎడమ చేతి వైపు ఉంచుకుని ఏడు చుట్లు. నల్లరాయి ఉన్న మూల నుంచి మొదలు, అక్కడే ముగింపు. దూరం నుంచి ఆ మూల తెలియడానికి ఎదురుగా పచ్చలైటు పెట్టారు. అక్కడికి వచ్చినప్పుడల్లా చేయెత్తి "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అంటే సరిపోతుంది. మగవాళ్లు మొదటి మూడు చుట్లలో భుజాలు ఎగరేస్తూ వడిగా నడుస్తారు, దాన్ని రమల్ అంటారు. దాని వెనక ఒక కథ ఉంది. 629లో ప్రవక్త (స), సహచరులు ఉమ్రాకు వచ్చినప్పుడు మక్కావాళ్లు కొండల మీద నిలబడి, మదీనా జ్వరాలతో వీళ్లు నీరసపడిపోయారని ఎకసెక్కాలాడారు. అప్పుడు ఛాతీ విరిచి నడవమన్నారు ప్రవక్త. ఎగతాళి చేసినవాళ్లు పోయారు, నడక మిగిలింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇది అవసరం లేదు, ఆడవాళ్లకు అసలే లేదు.

కాబా పక్కన అర్ధచంద్రాకారంలో పొట్టిగోడ ఉంటుంది, హతీమ్. గుంపు తక్కువగా ఉందని గోడకూ కాబాకూ మధ్య నుంచి దూరితే ఆ చుట్టు లెక్కకు రాదు, ఎందుకంటే ఆ జాగా కూడా కాబాలో భాగమే. ప్రవక్త (స)కు 35 ఏళ్ల వయసున్నప్పుడు ఆయన తెగవాళ్లైన ఖురైషులు కాబాను తిరిగి కట్టారు. ధర్మంగా సంపాదించిన సొమ్మే వాడాలని నియమం పెట్టుకుంటే డబ్బు చాలక ఆ మేర బయట వదిలేశారు. మన కాంట్రాక్టర్లు వినాల్సిన కథ ఇది, ఆ సంగతి వదిలేయండి.

ఇప్పుడు మీ మిత్రుడి ప్రశ్న. అతను వెక్కిరించడానికి అడగలేదని రాశారు, కాబట్టి నిదానంగా చెప్పండి. రెండో ఖలీఫా ఉమర్ (ర) ఆ రాయి ముందు నిలబడి, నువ్వొక రాయివని నాకు తెలుసు, మంచి చేయలేవు, చెడు చేయలేవు, ప్రవక్త నిన్ను ముద్దాడటం చూడకపోతే నేను ముద్దాడేవాణ్ణి కాదు అన్నారు. అంతకన్నా సూటైన జవాబు ఇంకొకటి లేదు. మేం దాన్ని ఏమీ అడగం, దానికి ఏమీ అర్పించం. మక్కా స్వాధీనమైన 630లో బిలాల్ (ర) కాబా కప్పు ఎక్కి అజాన్ ఇచ్చారు. మనిషి పూజించే వస్తువు నెత్తిన కాలు పెట్టి నిలబడతాడా? ఇంకో సంగతి. 930లో ఖరామితా అనే మత వర్గంవాళ్లు మక్కా మీద పడి ఆ రాయిని పెకలించుకుపోయారు. 951 వరకు, అంటే రెండు దశాబ్దాలకు పైగా, అది కాబాలో లేదు. జనం ఖాళీ మూలకే చేయి చాచి తవాఫ్ చేసుకున్నారు. ఇప్పుడున్నది కూడా ఒక్క ముక్క కాదు, వెండి చట్రంలో అతికించిన కొన్ని ముక్కలు.

మీ మిత్రుడు "మరి ప్రదక్షిణ మాకూ ఉంది కదా" అంటే, ఉందనే చెప్పండి. గుండ్రంగా తిరిగి గౌరవించడం మనుషులకు పాత అలవాటే. పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటని గానీ, పోలిక చెప్పినందుకు తప్పని గానీ అనుకోనక్కర్లేదు. నేను 2009లో గుండుతో ఇంటికొస్తే మా పక్కింటావిడ "తిరుపతి వెళ్లొచ్చారా అన్నయ్యా, ప్రసాదమేదీ?" అంది. కాబా పక్కనున్న జమ్‌జమ్ బావి నీళ్లు, ఖర్జూరం ఇచ్చాను.

తవాఫ్ అయ్యాక మఖామె ఇబ్రాహీం (కాబా కట్టేటప్పుడు ఇబ్రాహీం నిలబడ్డారని చెప్పే రాయి ఉన్న చోటు) వెనక ఎక్కడ చోటు దొరికితే అక్కడ రెండు రకాతుల నమాజ్, ఆపైన జమ్‌జమ్, ఆ తర్వాత సఈ. సఈ అంటే సఫా నుంచి మర్వాకు, మర్వా నుంచి సఫాకు నడక. వెళ్లడం ఒకటి, రావడం ఇంకొకటి. అలా ఏడు. సఫా దగ్గర మొదలై మర్వా దగ్గర ముగుస్తుంది. ఒక విడత సుమారు 450 మీటర్లు కాబట్టి మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడది ఏసీ హాలు, నున్నటి పాలరాయి.

హజ్ మొత్తంలో నాకు ఇష్టమైన చోటు ఇదే. ఇబ్రాహీం (అ) తన భార్య హాజిరాను, పాలు తాగే పసివాడు ఇస్మాయీల్‌ను పైరు మొలవని ఆ లోయలో వదిలి వెనుదిరిగారు. ఆమె వెంటపడి అడిగింది: "ఇది అల్లాహ్ ఆజ్ఞా?" ఆయన అవునన్నారు. "అయితే ఆయన మమ్మల్ని వదిలేయడు" అని ఆమె వెనక్కి వచ్చింది. తోలుతిత్తిలో నీళ్లు అయిపోయాయి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె సఫా గుట్ట ఎక్కి చూసింది, ఎవరూ లేరు. దిగి మర్వా వైపు నడిచింది. మధ్యలో పల్లం, అక్కడికి దిగితే బిడ్డ కనిపించడు, అందుకని ఆ కాస్త దూరం పరుగెత్తింది. ఇప్పుడు ఆ చోటులోనే పైన పచ్చలైట్లు ఉంటాయి, మగవాళ్లు అక్కడ పరుగులాంటి నడక నడుస్తారు. ఆడవాళ్లు పరుగెత్తనక్కర్లేదు. ఎందుకని నా భార్యను అడిగితే, "మా వంతు ఆమె ఎప్పుడో పరుగెత్తేసింది" అంది. ఫిఖహ్ (ధర్మశాస్త్ర) పుస్తకాల్లో ఆ కారణం ఉండకపోవచ్చు, నాకు మాత్రం నచ్చింది.

ఏడుసార్లు తిరిగినా నీళ్లు సఫా దగ్గరా రాలేదు, మర్వా దగ్గరా రాలేదు. పసివాడి కాళ్ల దగ్గర ఉబికాయి, అదే జమ్‌జమ్. అలాగని ఆమె తిరగడం దండగ అని ఎవరూ అనరు. నమ్మకం పెట్టుకుని చేతులు ముడుచుకుని కూర్చోలేదామె. ఆమె రాణి కాదు, ప్రవక్త కాదు, ఈజిప్టు నుంచి వచ్చిన దాసి అని చెబుతారు. రాజులైనా, ఆలిమ్‌లైనా ఆమె అడుగుల్లో నడవకపోతే వాళ్ల హజ్‌లో లోటే.

అమ్మగారి మోకాళ్లకు వీల్‌చైర్ వాడొచ్చు, పైఅంతస్తులో కరెంటు బండ్లు కూడా ఉన్నాయి. పట్టుదలకు పోవద్దు. తవాఫ్ పైఅంతస్తులో చేస్తే ఒక్కో చుట్టు కిందికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది, అది గుర్తుంచుకుని వేళ ఎంచుకోండి. సఈ అయ్యాక జుట్టు కత్తిరించుకుంటే ఉమ్రా పూర్తి. ఆడవాళ్లు జడ చివర వేలి కణుపంత తీస్తే చాలు.

8వ తేదీ మినా. గుంపు వల్ల 7వ తేదీ రాత్రి నుంచే బస్సుల్లో తీసుకెళ్లడం మొదలుపెడతారు. ఆ రోజు ప్రత్యేకంగా చేసేదేమీ లేదు, ఐదు పూటల నమాజ్, దువా (వేడుకోలు) మాత్రమే. గుడారాల ఊరు అది. 1997 ఏప్రిల్‌లో అక్కడ మంటలు లేచి 343 మంది చనిపోయారు, ఆ తర్వాతే నిప్పంటుకోని గుడారాలు వేశారు. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి తప్పిపోవడం చాలా తేలిక. చేతి పట్టీ తీయవద్దని, టెంట్ నంబరు, దగ్గరి స్తంభం నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోమని చెప్పండి.

9వ తేదీ అరఫాత్. మక్కాకు సుమారు 20 కిలోమీటర్లు. "హజ్ అంటే అరఫాతే" అన్నారు ప్రవక్త (స). మధ్యాహ్నం పొద్దు వాలినప్పటి నుంచి సూర్యాస్తమయం దాకా అక్కడ ఉండాలి. అంతే! చుట్టూ తిరగడం లేదు, విసరడం లేదు, ఎక్కడం లేదు. జబలె రహ్మత్ అనే కొండ ఎక్కాలని ఎండలో బయల్దేరేవాళ్లుంటారు, అది అవసరమే లేదు. మైదానంలో ఎక్కడున్నా ఒకటే. హద్దు తెలిపే పసుపు బోర్డులు ఉంటాయి, వాటికి లోపల ఉన్నారా లేదా అనేది మాత్రం చూసుకోవాలి. నమిరా మసీదు ముందుభాగం అరఫాత్ హద్దుకు బయట ఉంది, అక్కడే ఉండిపోయి అరఫాత్ హద్దులోకి అసలు రాకపోతే హజ్ పోయినట్టే.

ఇస్లాంకు ముందు ఖురైషులు అరఫాత్‌కు వచ్చేవాళ్లు కారు. మేం కాబా కావలివాళ్లం, మామూలు జనంతో పాటు హరమ్ హద్దు దాటి పోవడమేమిటని, అరఫాత్‌కూ మినాకూ మధ్య ఉన్న ముజ్దలిఫాలోనే ఆగిపోయేవాళ్లు. జనమంతా ఎక్కడి నుంచి తరలుతారో మీరూ అక్కడి నుంచే తరలండి అని ఖుర్ఆన్ ఆజ్ఞాపించింది. హజ్‌లో సమానత్వం అంటూ అందరూ చెప్పే మాటకు అసలు రుజువు తెల్లబట్ట కాదు, ఈ ఆజ్ఞ. సొంత తెగ గొప్పతనాన్ని ప్రవక్త (స) మొదట తీసేశారు. 632లో ఆయన చివరి హజ్ ప్రసంగం అక్కడే జరిగింది. వడ్డీని రద్దు చేస్తూ, మొదట రద్దయ్యేది మా బాబాయి అబ్బాస్‌కు రావాల్సిన వడ్డీయే అన్నారు. పాత హత్యల పగలు రద్దు చేస్తూ, మొదట తన వంశానికి రావాల్సిన పగనే మాఫీ చేశారు. ఆడవాళ్ల విషయంలో అల్లాహ్‌కు భయపడమన్నారు. ఒకరి ప్రాణం, ఒకరి సొత్తు ఇంకొకరికి ఈ రోజంత, ఈ నెలంత, ఈ ఊరంత పవిత్రమన్నారు.

ఆ మైదానంలో నాటినవి చాలావరకు వేపచెట్లు. 2009లో నేను బస్సు దిగి తలెత్తితే వేపాకు. ఎక్కడికో వచ్చాననుకుంటే మా బడి ఆవరణలా కనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీడను వాడుకోండి. 2024 జూన్‌లో మక్కాలో 51.8 డిగ్రీల ఎండ కాసింది, ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి, టెంట్లు, బస్సులు లేక ఎండలో నడిచినవాళ్లు. మీవాళ్లకు టెంట్ ఉంటుంది. ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్‌ఎస్ పొట్లాలు అమ్మగారికి, నాన్నగారికి మాత్రం డాక్టర్‌ను అడిగి. షుగర్ మాత్రలు చేతి సంచిలో ఉండాలి, పెద్ద సూట్‌కేసులో కాదు.

పొద్దు గుంకాక మగ్రిబ్ (సాయంత్రం నమాజ్) చదవకుండా బయల్దేరి ముజ్దలిఫా చేరి, మగ్రిబ్, ఇషా (రాత్రి నమాజ్) కలిపి చదువుతారు. ఆ రాత్రి ఆరుబయట చాప మీద. పక్కన పడుకున్నది కలెక్టరో, కూలీయో తెలియదు, అందరికీ అదే దుమ్ము, టాయిలెట్ దగ్గర అదే వరస. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజ్) తర్వాత కాసేపు నిలబడి దువా చేసి కదులుతారు. జబ్బుపడ్డవాళ్లకు, ముసలివాళ్లకు అర్ధరాత్రి దాటాక వెళ్లే వెసులుబాటు ఉంది. షైతాన్‌కు గుర్తుగా నిలిపిన జమ్రాల మీద విసరడానికి గులకరాళ్లు ఇక్కడే ఏరుకుంటారు, శనగగింజంత చాలు. మొత్తం 49 కావాలి. 13వ తేదీ కూడా ఆగితే 70.

10వ తేదీ అన్నిటికన్నా బరువైన రోజు. మినాలో మూడు జమ్రాలుంటాయి, వాటిలో పెద్దదానికి ఏడు రాళ్లు, ఆపైన ఖుర్బానీ (జంతు బలి), తర్వాత గుండు లేదా కత్తిరింపు. అక్కడికి ఇహ్రామ్ విప్పవచ్చు, అయితే దాంపత్య నిషేధం మాత్రం తవాఫె జియారత్ అయ్యేదాకా ఉంటుంది. తమత్తు చేసేవాళ్లకు హనఫీల్లో ఈ వరసే వాజిబ్. కొందరు ఆలిమ్‌లు వరస తప్పినా పర్వాలేదంటారు, ఎందుకంటే ప్రవక్త (స)ను ఆ రోజు ముందూ వెనకా గురించి అడిగిన ప్రతివాడికీ "ఫర్వాలేదు, చేయి" అనే చెప్పారు. ఖుర్బానీ మన కళ్ల ముందు జరగదు, కూపన్ ద్వారా జరుగుతుంది. ఏ గంటకు అవుతుందో ముందే కనుక్కోమనండి. ఒకసారి మా బృందంలో ఖుర్బానీ కాకముందే పదిమంది గుండు చేయించుకున్నారు, ఆ తర్వాత రెండు రోజులూ దమ్ గురించి ఒకటే గొడవ.

"షైతాన్ నిజంగా అక్కడ ఉంటాడా?" అని అమ్మగారు అడిగారట. ఉండడు. కొడుకును బలి ఇవ్వడానికి వెళ్తున్న ఇబ్రాహీం (అ)కు మూడుచోట్ల షైతాన్ ఎదురై మనసు మార్చబోతే, రాళ్లు విసిరి తరిమారని కథనం. అల్లాహ్‌ను తలచుకోవడానికే తవాఫ్, సఈ, రాళ్లు విసరడం పెట్టారని హదీసులో (ప్రవక్త మాటల్లో) ఉంది. ప్రతి రాయికీ "అల్లాహు అక్బర్" అంటాం, ఆ మాటే ముఖ్యం. చెప్పులు, బాటిళ్లు విసిరి బూతులు తిట్టేవాళ్లను చూశాను. ఒక పెద్దమనిషి చెప్పు వెళ్లి ముందు నిలబడ్డ ఆఫ్రికా ఆవిడ తలకు తగిలింది. ఆవిడ వెనక్కి తిరిగి నవ్వి ఊరుకుంది. ఇంతకీ షైతాన్ దెబ్బ ఎవరికి తగిలిందో ఆ పెద్దమనిషికే తెలియాలి. పాత సన్నటి స్తంభాల స్థానంలో 2004 నుంచి పొడవాటి గోడలు పెట్టారు, 2006 తొక్కిసలాటలో 346 మంది చనిపోయాక పలు అంతస్తుల వంతెన కట్టారు. 2015లో మినాలో ఇంకా పెద్ద ప్రమాదం జరిగింది, అయితే అది వంతెన మీద కాదు, అక్కడికి వెళ్లే రోడ్డు మీద. కాబట్టి క్యాంపుకు ఇచ్చిన టైములోనే వెళ్లాలి, ఎదురునడక నడవకూడదు, చెప్పు జారినా వంగకూడదు. బలహీనులు రాత్రిపూట విసరవచ్చు. నడవలేని స్థితి నిజంగా ఉంటేనే ఇంకొకరితో వేయించాలి.

ఖుర్బానీ గురించి ఒక్కమాట: వాటి మాంసం, రక్తం అల్లాహ్‌కు చేరవు, మీ భయభక్తులే చేరతాయని ఖుర్ఆన్‌లో స్పష్టంగా ఉంది. స్తోమత లేనివాళ్లకు బదులుగా పది ఉపవాసాలు, మూడు హజ్‌లో, ఏడు ఇంటికొచ్చాక.

10 నుంచి 12వ తేదీ సూర్యాస్తమయం లోపు తవాఫె జియారత్ చేయాలి, దాని వెంట హజ్ సఈ. ఇది ఫర్జ్, దమ్ ఇచ్చి తప్పించుకునేది కాదు. 11, 12 తేదీల్లో మధ్యాహ్నం తర్వాత మూడు జమ్రాలకూ ఏడేసి. బయల్దేరే ముందు వీడ్కోలు తవాఫ్. మీ చెల్లెలు కూడా వెళ్లే ఆలోచనలో ఉందన్నారు కాబట్టి చెబుతున్నా: నెలసరి వస్తే హజ్ పోయిందని ఏడవనక్కర్లేదు. ఆయిషా (ర)కు అలాగే జరిగితే, తవాఫ్ తప్ప హాజీ చేసేదంతా చేయమన్నారు ప్రవక్త (స). అరఫాత్, మినా అన్నీ చేసుకుని, శుద్ధి అయ్యాక తవాఫ్ చేయాలి, ఆలస్యమైనందుకు దమ్ లేదు. వీడ్కోలు తవాఫ్ అయితే ఆ స్థితిలో మాఫీయే. మదీనా ప్రయాణం హజ్ క్రియల్లో భాగం కాదు, ప్రేమతో వెళ్లేది. అక్కడి ప్రవక్త మసీదులోని రౌజా అనే చోట నమాజ్‌కు సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో ముందుగా సమయం తీసుకోవాలి.

చివరిగా, అమ్మగారికి అరబీ దువాలు రావని, ఉర్దూ రాదని, అరఫాత్‌లో నోరు మెదపకుండా కూర్చోవాల్సి వస్తుందేమోనని భయమన్నారు. తల్బియా, నమాజ్‌లో చదివేవి వచ్చు కదా, అవి చాలు. మిగతాదంతా తెలుగులోనే అడగమనండి. 2018లో అరఫాత్‌లో మా టెంట్ పక్కన, గోదావరి జిల్లా యాసలో ఒక ముసలావిడ చేతులు చాచి కోడలి మీద ఫిర్యాదు చేస్తోంది, కాసేపటికి అదే కోడలికి కాన్పు సుఖంగా జరగాలని ఏడ్చింది. అంత సూటిగా అడిగినవాళ్లను నేను ఆ మైదానంలో ఇంకెవరినీ చూడలేదు. దువా చేయమని అడిగినవాళ్ల పేర్లు మీరే ఒక నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసివ్వండి, పొద్దు గుంకే వేళకు ఎవరూ గుర్తుండరు. కళ్లజోడు ఇంకొకటి చేయించి సంచిలో పెట్టండి. నాది ముజ్దలిఫాలో రాళ్లు ఏరుతూ పోగొట్టుకున్నాను.